మెట్ల మలుపులో తగిలే క్యారియర్: ఎలక్ట్రిక్ సైకిల్‌కి విప్పుకునేది ఏది తీసుకోవాలి?

అప్పడాల ఇల్లు, బరంపురం

నమస్కారం అండీ. మేం ఇంట్లో అప్పడాలు, ఆవకాయ చేసి బడా బజార్, అస్కా రోడ్ షాపులకి వేస్తాం. నెల కిందట ఎలక్ట్రిక్ సైకిల్ కొన్నాం. వెనక చక్రంలో మోటారు, ముందు వాలు గొట్టంలో బ్యాటరీ, రెండు చక్రాలకీ డిస్క్ బ్రేకులు. క్యారియర్ మాత్రం లేదు. మేముండేది రెండో అంతస్తు, రాత్రికి సైకిల్ పైకి ఎక్కించాలి. మెట్ల మలుపు ఇరుకు. మొన్న ఎవరిదో క్యారియర్ అడిగి తెచ్చి, దానిమీద క్రేటు కట్టి చూస్తే మలుపులో గోడ గీరుకుపోయింది. అందుకే రోజూ తీసి పెట్టుకునే క్యారియర్ కావాలి. సీటు గొట్టానికి బిగించే రకం ఒకటి ఆన్‌లైన్‌లో చూశాను, చటుక్కున ఊడొస్తుందట. అప్పడాలు ఆరు కిలోలు, కిలో ఆవకాయ జాడీలు ఎనిమిది. సరిపోతుందా? మా పక్క వెల్డింగ్ షాపు అబ్బాయేమో "పది నిమిషాల్లో ఒకటి అతికించేస్తా" అంటున్నాడు.

రాయగడ నుంచి ఒక లెక్చరర్

అక్కా, ఆ సీటు గొట్టం రకం నేను వాడాను. లాప్‌టాప్, టిఫిన్ బాక్సు వరకూ బాగానే ఉంది. ఒకరోజు సంతలో కూరలు కొని వేసుకున్నాను, దిగుడులో గుంత తగిలింది. క్యారియర్ గిర్రున పక్కకి తిరిగింది, వంకాయలన్నీ రోడ్డు మీద. ఆ రకానికి మామూలుగా పది కిలోలే పరిమితి, మీది పద్నాలుగు. పైగా బరువంతా ఒక్క పట్టు (క్లాంపు) మీదే వేలాడుతుంది కాబట్టి ప్రతి కుదుపుకీ అది కాస్త వదులవుతుంది.

మీరు సీటు కిందకి దించుకుని నడిపితే బిగించడానికి గొట్టమే మిగలదు, అది కూడా చూసుకోండి. అయినా కొనాలనిపిస్తే గొట్టం చుట్టూ దారం ఒక చుట్టు చుట్టి కొలవండి. ఎనిమిదిన్నర సెంటీమీటర్లు వస్తే 27.2 మిల్లీమీటర్ల గొట్టం, పదికి ఒక వెంట్రుకవాసి తక్కువైతే 31.6. పట్టు ఆ కొలతదే ఉండాలి. రబ్బరు ముక్కలు కుక్కి సరిపెట్టొద్దు.

పర్లాకిమిడి, సైకిల్ రిపేరు షాపు

అమ్మా, ముందు వెల్డింగ్ మాట మర్చిపో. ఈ సైకిళ్ళ ఫ్రేము చాలావాటికి అల్యూమినియం. అతికిన చోట వేడికి బలం పోయి, తర్వాతెప్పుడో అక్కడే పగులుతుంది. బ్యాటరీ తగిలించి ఉండగా వెల్డింగ్ చేస్తే మోటారుని నడిపించే కంట్రోలరు కూడా పోవచ్చు. ఆ అబ్బాయి మంచివాడే అయ్యుంటాడు, ఇనప సైకిల్ లెక్కలో చెప్పాడు.

ఇక అసలు సంగతి. గోడకి తగిలింది క్యారియరా, క్రేటా? క్యారియర్ వెడల్పు జానెడు కూడా ఉండదు, వెనక చక్రం అంచు దాటి మామూలుగా బయటికి రాదు. హ్యాండిల్ దూరిన సందులో క్యారియర్ దూరదా? నాకు తెలిసి నీకు ఊడాల్సింది క్యారియర్ కాదు, దాని మీద పెట్టె.

రోజూ విప్పడం వల్ల ఇంకో నష్టం ఉంది. అల్యూమినియం రంధ్రాల్లో మర రోజూ తిప్పితే అరిగిపోతుంది. నైలాన్ నట్టు నాలుగైదుసార్లు తీశాక పట్టు సడలిపోతుంది.

నీ ఫ్రేముకి వెనక ఇరుసు పైన చెరో పక్క ఒక రంధ్రం, సీటు కింద రెండు ఉన్నాయేమో చూడు. ఉంటే నాలుగు చోట్లా బిగించే రకం, 25 కిలోలు అని రాసి ఉన్నది తీసుకో. కింది రంధ్రాలు లేకపోతే గొట్టం చుట్టూ పట్టుకునే రబ్బరు లోపలున్న క్లాంపులు దొరుకుతాయి, కానీ వాటికి అంత బరువు ఆనదు. ఇరుసు నట్టు కింద మాత్రం క్యారియర్ కాళ్ళు ఇరికించకు. మోటారు తీగ అక్కడినుంచే బయటికి వస్తుంది. నలిగితే ఖర్చు క్యారియర్‌తో ఆగదు.

డిస్క్ బ్రేకు ఉన్న పక్క క్యారియర్ కాలు కాలిపర్‌కి, అంటే డిస్కుని నొక్కిపట్టే భాగానికి, తగలొచ్చు. డిస్కు సైకిళ్ళ కోసం చేసినదే అడుగు, లేదా బోల్టు పొడుగ్గా వేసి, కాలు కాస్త బయటికి జరిగేలా మధ్యలో స్పేసర్ (చిన్న గొట్టం ముక్క) పెట్టించు.

ఛత్రపురం

పర్లాకిమిడి మావయ్య చెప్పింది నిజం. ఒక్క మాట కలుపుతాను. మాకు సముద్రపు గాలికి ఇనప బోల్టులు వర్షాకాలం దాటేసరికి తుప్పు పట్టేస్తాయి. స్టెయిన్‌లెస్ బోల్టులు వేయించి మరలకి కాస్త గ్రీజు రాయండి. లేకపోతే అల్యూమినియంలో అతుక్కుపోయి తర్వాత విప్పాలన్నా రావు. గ్రీజు రాసింది వదులవ్వొచ్చు, కాబట్టి వారానికోసారి అల్లెన్ కీ పెట్టి చూసుకోవాలి.

అప్పడాల ఇల్లు, బరంపురం

ఉత్త క్యారియర్‌తో ఈ సాయంత్రం పైకి ఎక్కించాం. తగల్లేదు! క్రేటే తగిలింది. నాలుగు రంధ్రాలూ ఉన్నాయి. ఇప్పుడు పెట్టె సంగతి చెప్పండి. అప్పడాలు విరగకూడదు. క్యారియర్ వేస్తే రిజిస్ట్రేషన్ అడుగుతారని మా ఆయన టెన్షన్ కూడా ఒకటి.

రాయగడ నుంచి ఒక లెక్చరర్

మోటారు 250 వాట్ల లోపు, వేగం గంటకి 25 కిలోమీటర్ల లోపు ఉంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. క్యారియర్‌తో దానికి సంబంధం లేదు.

పర్లాకిమిడి, సైకిల్ రిపేరు షాపు

పాలవాళ్ళని చూశావు కదా, క్యాన్లు రెండు పక్కలా కిందకి వేలాడేస్తారు. నీ జాడీలూ అంతే. చెరో పక్క నాలుగు, కొక్కేలున్న సంచుల్లో. మడమ తగలకుండా కాస్త వెనక్కి జరుపు. పైన అప్పడాల పెట్టె, అడుగున పాత దుప్పటి మడత. బరువంతా పైన పెడితే స్టాండు వేసినప్పుడు సైకిల్ పక్కకి ఒరిగిపోతుంది.

కట్టడానికి కొక్కేల తాడు కంటే పాత ట్యూబు ముక్క మేలు. కొక్కెం జారి చువ్వల్లో పడిందా, అంతే. పెట్టె వెనక ఎర్ర రిఫ్లెక్టర్ అంటించు, సీటు కిందది కనపడదు.

అన్నట్టు, ఆవకాయ నూనె! డిస్కు మీద ఒక్క చుక్క పడినా బ్రేకు పట్టదు. ప్యాడ్లు నూనె పీల్చుకుంటే మార్చడమే. మూత మీద ప్లాస్టిక్ కవరు వేసి దారంతో బిగించు, జాడీలు నిలువుగా పెట్టు.

అప్పడాల ఇల్లు, బరంపురం

నూనె సంగతి అస్సలు తట్టలేదు బాబోయ్. మా అత్తగారు ఆవకాయలో నూనె తేలేలా పోస్తారు. డిస్కు ఉన్న ఎడమ పక్క జాడీలు మానేసి అటు కూడా అప్పడాలే పెడితే?

పర్లాకిమిడి, సైకిల్ రిపేరు షాపు

బరువు ఒక పక్కకే లాగుతుందమ్మా. మూతలు బిగించు, అటు పక్క సంచి అడుగున రేకు పళ్ళెం ఒకటి పెట్టు.