వెనక డ్రెయిన్ల గుండా నీళ్లు తిరిగి లోపలికి వస్తున్నాయి: ఏ వాల్వ్ వేయాలి?

తూర్పుగాలి: 7 మీటర్ల ఫైబర్ బోటు, అమరం (వెనక) పలకకు 25 మి.మీ. డ్రెయిన్లు రెండు. ఖాళీగా ఉంటే చుక్క రాదు. ఇద్దరు వెనక నిలబడి వల లాగితే డెక్కు మీద మడమ మునిగేంత నీళ్లు. బిరడా కొట్టేస్తే అల మీదపడి వచ్చిన నీళ్లు బయటికి పోవు. ఏది వేయాలి?

ఉప్పునీరు: వాల్వ్ సంగతి తర్వాతండీ, ముందు ఎత్తు చూడండి. ఇంజను, నిండు పెట్రోలు డబ్బా, ఐసు పెట్టె, వల అన్నీ ఎక్కించి, మనుషులు నిలబడే చోటే నిలబడి, పలక మీద నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో గీత గీయండి. డెక్కు ఆ గీతకు కనీసం 5 సెం.మీ. పైన ఉండాలి. గీత డెక్కును దాటితే ఏ వాల్వూ మిమ్మల్ని కాపాడదు. ఫ్లాప్ (డ్రెయిన్ బయట వేలాడే రబ్బరు మూత) అల తాకిడిని ఆపుతుంది, కానీ బయట నీళ్లు ఎత్తుగా ఉంటే లోపలి నీళ్లకు దాన్ని తోసే బలం ఉండదు. ఐసు పెట్టెను, పెట్రోలు డబ్బాను అణియం (ముందు) వైపు జరపండి. సగం రోగం అక్కడే తగ్గుతుంది.

రెజిన్‌పని: ఎత్తు సరిపోతే బయటివైపు రబ్బరు ఫ్లాప్ చాలు. 3 మి.మీ. నియోప్రీన్ షీటు, బెజ్జం చుట్టూ 20 మి.మీ. ఎక్కువ ఉండేలా కోయండి. పై అంచుకే స్టీలు పట్టీ, 316 గ్రేడు స్క్రూలు. కింది అంచు వదిలేయాలి. టైరు ట్యూబు వద్దు, ఎండకు చివరలు పైకి ముడుచుకుంటాయి.
స్క్రూ బెజ్జాల్లోకి ముందు ఎపాక్సీ పోయండి. పలక లోపల ప్లైవుడ్ ఉంటే, నీళ్లు దిగి అది మెత్తబడిందంటే ఇంజను బిగింపే వదులవుతుంది. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు.

తూర్పుగాలి: బంతి ఉండే రకం మేలంటున్నారు కదా అన్నా?

ఉప్పునీరు: బయటి నీళ్లు పెరిగితే బంతి తేలి పైనున్న రింగుకు అతుక్కుంటుంది, బాగానే మూస్తుంది. కానీ ఇసుక ఒడ్డుకు లాగే బోటుకు నేను చెప్పను. రింగు మీద రెండు ఇసుక రేణువులు చాలు, సన్నగా కారుతూనే ఉంటుంది. ఫ్లాప్‌కూ ఇదే గండం: వల నుంచి తెగిన నైలాన్ పోగో, చేప పొలుసో అంచు కింద ఇరుక్కుంటే మూతపడదు. డెక్కు వైపు డ్రెయిన్ మీద స్టీలు జాలీ బిగించి, ఒడ్డుకు రాగానే వేలితో ఫ్లాప్ ఎత్తి తుడవండి.

పంపుమేస్త్రి: డెక్కు కింద కూడా నీళ్లు చేరుతుంటే బిల్జ్ పంపు (బోటు అడుగున చేరిన నీళ్లు తోడేది) గొట్టం చూడండి. ఈ చిన్న 12 వోల్టుల పంపులు ఆగినప్పుడు నీళ్లను వెనక్కి రానిస్తాయి. గొట్టం చివర నీళ్లలో మునిగితే సైఫన్ పట్టుకుంటుంది, అంటే బయటి నీళ్లు వాటంతటవే గొట్టం గుండా లోపలికి వస్తాయి. గొట్టాన్ని బోటు అంచు కిందిదాకా లేపి వంపు తిప్పండి, నిండు బరువులోనూ వంపు నీటి గీతకు 30 సెం.మీ. పైన ఉండాలి. వంపు మీద గాలి పీల్చే వాల్వ్ పెట్టి, ఉప్పు పేరుకోకుండా మంచినీళ్లతో కడుగుతుండాలి. నాన్-రిటర్న్ వాల్వ్ (నీళ్లను ఒకవైపే పోనిచ్చేది) ఒక్కదాన్నే నమ్మొద్దు, చెత్త పడితే తెరిచే ఉండిపోతుంది, లేదా బిగుసుకుని పంపునే ఆపేస్తుంది.

రెజిన్‌పని: అడుగు బిరడా కూడా మరవకండి. 25 మి.మీ. బెజ్జం నీటికి 15 సెం.మీ. లోతున తెరుచుకుంటే నిమిషానికి దాదాపు 30 లీటర్లు లోపలికి వస్తాయి. మర ఉన్న ఇత్తడి బిరడా, దాని వాషరు మంచివి చూసి వేయండి. పక్కనే తాడుతో కట్టిన కోసు చెక్క మేకు ఒకటి ఉంచండి.