హౌసింగ్ సీళ్లు: కంపెనీవే కొనాలా, కొలత చూసి బయట కొంటే సరిపోతుందా?

పాతహౌసింగ్
నా దగ్గర కాంపాక్ట్ కెమెరాకి పాలికార్బొనేట్ హౌసింగ్ (కెమెరాని నీళ్లలోకి తీసుకెళ్లే డబ్బా) ఉంది. 40 మీటర్ల లోతు దాకా రేటింగ్. కెమెరాకి ఏ లోపమూ లేదు, హౌసింగ్‌కి పగులు లేదు. వెనక తలుపు ఓ-రింగ్, అంటే నీరు చొరకుండా ఆపే రబ్బరు చుట్ట, ఒక్కటే అణిగిపోయి చదునెక్కింది. కంపెనీ ఈ మోడల్ విడిభాగాలు ఆపేసింది. పాత స్టాకు ఉందని ఒకరిద్దరు అమ్ముతున్నారు గానీ, ఆ ఒక్క రింగుకి అడిగే డబ్బు పెడితే సెకండ్ హ్యాండ్‌లో హౌసింగే వచ్చేలా ఉంది. యంత్రాలకి సీళ్లు అమ్మేవాళ్ల దగ్గర ఇలాంటి రింగే చాలా చవక. వాడొచ్చా? నిజంగా వాడినవాళ్లు చెప్పండి.

నీటినీడ
వద్దు. నేను వాడాను, కెమెరా పోయింది. ఇంతకంటే చెప్పడానికేం లేదు.

చేపమొప్ప
వాడొచ్చు. నేను వాడుతున్నా.

లోహకారి
ఓ-రింగ్ ఏ కంపెనీ రహస్యమూ కాదండీ. నీల్స్ క్రిస్టెన్సెన్‌కి అమెరికాలో దీని మీద పేటెంట్ వచ్చింది 1939లో. తర్వాత సైజులన్నీ ప్రమాణాల్లోకి ఎక్కేశాయి. అమెరికా ఏఎస్568 లెక్కలో మందాలు 1.78, 2.62, 3.53, 5.33, 6.99 మిల్లీమీటర్లు. జపాన్ జేఐఎస్ జీ వరుసలో చిన్న సైజులు 3.1. మెట్రిక్‌లో 2, 2.5, 3 అన్నీ దొరుకుతాయి. హౌసింగ్ చేసేవాళ్లు రబ్బరు తోటలు పెంచరు కదా, ఎక్కువమంది సీళ్ల తయారీదారు దగ్గర చేయించుకుని తమ సంచిలో వేసి అమ్ముతారు.

70 షోర్ గట్టిదనం ఉన్న నైట్రైల్ రబ్బరు రింగు సరైన గాడిలో కూర్చుంటే 100 బార్ పీడనం దాకా ఆగుతుంది. 40 మీటర్ల లోతులో నీరు తోసేది 4 బార్. భయం దేనికి? పాత రింగు తీసి కాలిపర్‌తో కొలవండి, ఆర్డర్ పెట్టండి, అంతే.

నీటినీడ
100 బార్ కథలు హైడ్రాలిక్ పంపుకి చెప్పుకోండి. నేను కూడా ఇలాంటి సలహా విని కొలిచి కొన్నదే. రంగు అదే, మందం అదే, చూడ్డానికి తేడా లేదు. డైవ్ మధ్యలో లెన్సు కింద నీళ్లు కనబడ్డాయి. సర్వీసుకి పంపితే మూత తీసిన వెంటనే "ఇది మా రింగు కాదు, వారంటీ చెల్లదు" అన్నారు. రింగులో మిగుల్చుకున్నదెంత, కెమెరాలో పోగొట్టుకున్నదెంత? లెక్క మీరే వేసుకోండి.

తాబేలు_72
పాప్‌కార్న్ తెచ్చుకున్నా.

స్క్రూడ్రైవర్
హౌసింగులు విప్పి బాగుచేస్తుంటాను కాబట్టి రెండు మాటలు.

లోహకారి గారూ, 100 బార్ సంగతి నిజమే, కానీ ఇక్కడ పనికొచ్చే మాట కాదు. లోతుకి వెళ్లేకొద్దీ పీడనం తలుపుని ఇంకా బిగిస్తుంది, రింగుని గాడి గోడకి ఇంకా అదుముతుంది. ప్రమాదమంతా మొదటి ఒకటి రెండు మీటర్లలో. అక్కడ నీటి సాయం ఉండదు, రింగు సొంత నొక్కుడుతోనే ఆపాలి. వెంట్రుక పడ్డా, రింగు మెలిపడ్డా కారేది అక్కడే.

రెండోది, పాత రింగుని కొలవకండి. అది అణిగిపోయిందని అడిగినాయనే చెప్తున్నారు. నిలువుగా కొలిస్తే ఒక అంకె, అడ్డంగా కొలిస్తే ఇంకొకటి వస్తుంది. పైగా మెత్తటి సిలికాన్‌ని కాలిపర్ దవడలు నొక్కేస్తాయి. గాడిని కొలవాలి.

గాడి లోతు 2.3, వెడల్పు 4 మిల్లీమీటర్లు అనుకుందాం. 3 మిల్లీమీటర్ల రింగు వేస్తే సుమారు 23 శాతం అణుగుతుంది, ఇలాంటి మూతకి అది సరైన నొక్కుడు. 2.62 వేస్తే 12 శాతమే, చాలదు. "కొంచెం లావుదైతే ఇంకా మంచిది కదా" అని 3.53 వేశారా, 35 శాతం అణగాలి, ఆ రింగు అడ్డుకోత వైశాల్యమే గాడి వైశాల్యం కంటే ఎక్కువ. రబ్బరు ఆకారం మారుతుందే గానీ ఘనపరిమాణం తగ్గదు. కాబట్టి మూత పడదు. బలవంతంగా లాచ్ వేస్తే ఏదో ఒకటి విరుగుతుంది.

పొడవుకి: గాడి మధ్యలో దారం పరిచి చుట్టుకొలత తీసుకోండి. 3.14తో భాగించి, అందులోంచి రింగు మందం తీసేస్తే లోపలి వ్యాసం వస్తుంది. తలుపు చదరంగా ఉన్నా లెక్క ఇదే. నీరు బయటినుంచి లోపలికి తోస్తుంది కాబట్టి రింగు గాడి లోపలి గోడకి ఆనుకోవాలి. అందుకే ఒకటి రెండు శాతం చిన్నది కొనండి, పెద్దది వద్దు.

ఇదంతా అడ్డుకోత గుండ్రంగా ఉన్న రింగులకే. యాక్షన్ కెమెరా డబ్బాల్లో ఉండే పెదవిలాంటి అంచు సీళ్లు ఆ తలుపు కోసమే అచ్చు పోసినవి, వాటికి బయట జోడీ దొరకదు.

లోహకారి
నేను చెప్పిందీ అదే. కొలిచి కొనమన్నాను.

స్క్రూడ్రైవర్
మీరు పాత రింగుని కొలవమన్నారు. పైన అలాగే ఉంది, చదువుకోండి.

ఉప్పునీరు
ఇంత గొడవెందుకు, వైటన్ కొనేయండి. ఖరీదైన రబ్బరు అది, అంటే మంచిదే కదా.

లోహకారి
వైటన్ నూనెకీ వేడికీ. నీటిలో దాని అవసరం లేదు. 1986లో అమెరికా అంతరిక్ష నౌక ఛాలెంజర్ ఓ-రింగ్ లోపంతో కూలిపోయాక విచారణలో భౌతిక శాస్త్రవేత్త ఫైన్‌మన్ ఐసు నీళ్లలో ముంచి చూపించింది ఆ జాతి రబ్బరునే. చల్లబడేసరికి వెంటనే తన ఆకారానికి తిరిగి రాలేదు. చల్లటి నీటిలో దిగేవాళ్లకి ఖరీదు పెట్టి మరీ అలాంటిది కొనడం దేనికి?

నీటినీడ
చూశారా, ఓ-రింగ్ తప్పయితే ఏమవుతుందో మీరే చెప్తున్నారు.

లోహకారి
అది కంపెనీ ఒరిజినల్ రింగే సార్.

తాబేలు_72
😂😂

నీటినీడ
నవ్వండి. మీ కెమెరా పోయినరోజు నేనూ నవ్వుతా.

గ్రీజు సంగతి ఎవరూ ఎత్తలేదేం? కంపెనీ రింగుతో కంపెనీ గ్రీజు వస్తుంది. బయట కొన్నదానికి ఏం రాస్తారు?

చేపమొప్ప
నేను వాజిలిన్ రాస్తా. ఎప్పుడూ కారలేదు.

స్క్రూడ్రైవర్
చేపమొప్ప గారూ, మీ రింగు నైట్రైల్ అయితే బతికిపోతుంది. ఈపీడీఎం అనే రబ్బరు అయితే ఉబ్బి పాడవుతుంది. ఏ రబ్బరో మీకు తెలుసా?

చేపమొప్ప
నల్లది.

లోహకారి
సిలికాన్ గ్రీజు అన్నిటికీ పనిచేస్తుంది. విషయం అయిపోయింది.

నీటినీడ
అవలేదు. సిలికాన్ రింగుకి సిలికాన్ గ్రీజు రాస్తే ఉబ్బుతుంది. ఇది కూడా తెలియకుండానా ఇంజినీరు సలహాలు?

లోహకారి
అన్ని గ్రీజులూ ఉబ్బించవు. సిలికాన్ రింగులు పెట్టే హౌసింగ్ కంపెనీలే డబ్బాలో సిలికాన్ గ్రీజు పెట్టి ఇస్తున్నాయి.

నీటినీడ
అది వాళ్ల రబ్బరుకి సరిపడేలా చూసుకుని ఇచ్చినది. నేను చెప్పేదీ అదే కదా! రింగు వాళ్లది, గ్రీజు వాళ్లది, అప్పుడు బాధ్యతా వాళ్లది.

లోహకారి
ఉబ్బుతుంది అన్నారు. ఇప్పుడు సరిపడేది ఉంది అంటున్నారు. ఏదో ఒకటి చెప్పండి.

స్క్రూడ్రైవర్
ఇద్దరూ గ్రీజు దగ్గరే ఆగిపోయారు. నీటిని ఆపేది గ్రీజు కాదు. రింగు గాడిలో మెలిపడకుండా జారి కూర్చోడానికి సన్నటి పూత చాలు. ముద్దలా పూస్తే ఇసుకనీ దారప్పోగుల్నీ పట్టుకుంటుంది. సిలికాన్ రింగు మీద ఏ గ్రీజు వాడాలో అనుమానం ఉంటే ఒక ముక్కకి రాసి కొన్ని రోజులు పక్కన పెట్టి చూడండి, ఉబ్బితే కంటికే కనిపిస్తుంది.

అసలు చూడాల్సింది ఇంకోటి ఉంది. పాలికార్బొనేట్ కాంపాక్ట్ హౌసింగుల్లో తలుపుకి చాలాచోట్ల మెత్తటి సిలికాన్ రింగు పెడతారు. ఆ లాచ్, ఆ సన్నటి తలుపు ఆ మెత్తదనానికి తగ్గట్టు చేసినవి. అక్కడ 70 షోర్ నైట్రైల్ వేస్తే, సైజు అచ్చంగా సరిపోయినా, అదే నొక్కుడుకి ఎక్కువ బలం కావాలి. లాచ్ దగ్గర మూత కూర్చుంటుంది, దూరంగా ఉన్న మూల కొద్దిగా లేస్తుంది. అల్యూమినియం హౌసింగ్‌కి ఈ బాధ లేదు. లోహకారి గారి అనుభవమంతా లోహంతో కాబట్టి ఇది తట్టకపోయి ఉండొచ్చు.

లోహకారి
తట్టక కాదు. ఆయన రింగు గట్టిదో మెత్తదో చెప్పలేదు. చెబితే 50 షోర్ సిలికాన్ తెప్పించుకోమనేవాణ్ణి. అవీ బయట దొరుకుతాయి.

పాతహౌసింగ్
మెత్తగానే ఉంది, కాస్త పారదర్శకంగా తెల్లగా ఉంటుంది. సిలికానే అనుకుంటా. మరి ఆ పాత స్టాకు రింగు? ఎన్నేళ్లు సంచిలో ఉందో తెలియదు కదా.

లోహకారి
మంచి ప్రశ్న. విమానరంగంలో వాడే ఏఆర్‌పీ5316 అనే నిల్వ ప్రమాణం ప్రకారం నైట్రైల్‌ని చీకట్లో సంచిలో ఉంచితే 15 ఏళ్లు. సిలికాన్‌కి గడువు లేదు. అంటే సిలికాన్ అయితే పాతదైనా కొనొచ్చు, డబ్బు మీది. నైట్రైల్‌ని "ఒరిజినల్" పేరుతో ఎండ తగిలే షెల్ఫులోంచి తీసి అమ్మితే బయట దొరికే కొత్తదే మేలు. నీటినీడ గారు దీనికి ఏమంటారో?

నీటినీడ
నేనేమంటాను. పోయిన కెమెరా నాది. మీరు ఏఆర్‌పీలు చెప్పండి.

స్క్రూడ్రైవర్
నీటినీడ గారూ, కోపం లేకుండా అడుగుతున్నా. నీళ్లు మొదట లెన్సు కింద కనబడ్డాయన్నారు. తలుపు వెనక వైపు కదా. వెనక తలుపు గాడిలో తడి ఉందా? సర్వీసువాళ్లు ఎక్కడినుంచి కారిందో రాసిచ్చారా?

నీటినీడ
గాడి పొడిగానే ఉంది. వాళ్లు రాసిందేంటంటే షట్టర్ బటన్ షాఫ్ట్ (బటన్ నుంచి హౌసింగ్ లోపలికి వెళ్లే కడ్డీ) దగ్గర ఉప్పు గట్టిపడి ఉందట. అయినా వారంటీ తీసేసింది రింగు వల్లే.

లోహకారి
ఆగండి. కారింది బటన్ దగ్గరా? ఇన్ని పోస్టులుగా తలుపు రింగు మీద నేరం మోపుతున్నారు, అది కారనే లేదా?

నీటినీడ
కారిందో లేదో కాదు ఇక్కడ విషయం!

లోహకారి
మరి ఏది విషయం? కొత్తగా వచ్చినాయన మొదటి జవాబే "కెమెరా పోయింది" అని చదివి భయపడిపోయాడు. ఇది సలహానా, బెదిరింపా?

నీటినీడ
మీకు ఇది ఆట. నాకు జీతం. క్లయింటుకి పని ఒప్పుకుని దిగుతాను. కెమెరా తడిస్తే ఆ రోజు పని పోతుంది, ఆ తర్వాతి పనీ పోతుంది. రింగు మీద నాలుగు రూకలు మిగల్చడం గొప్ప అనుకునేవాళ్లు చేప ఫొటో ఫోనులో చూసుకుని మురిసేవాళ్లు. నేను డబ్బు కట్టేది రబ్బరుకి కాదు. ఏదైనా అయితే "మీ రింగే, మీ గ్రీజే, ఇప్పుడు చెప్పండి" అని అడగడానికి.

లోహకారి
అడిగితే ఏం చెబుతారు? ఆ మోడల్ ఆపేశాం, కొత్తది కొనుక్కోండి అంటారు. పాతహౌసింగ్ గారికి జరిగింది అదేగా. అడగడానికి అవతల ఎవరూ లేరు. మీకు కంపెనీ ఇంకా ఫోను ఎత్తుతోంది కాబట్టి ఈ మాటలు. నికాన్ తన నీటి అడుగు కెమెరాలు నికోనోస్‌ని 2001లో ఆపేసింది. వాటిని ఇంకా నీళ్లలో దింపుతున్నవాళ్లు సైజు చూసి బయట రింగులు తెచ్చుకుంటున్నారు. వాళ్లంతా కెమెరాలు చెత్తలో పారేయాలా? బాగున్న వస్తువుని ఒక రబ్బరు చుట్ట కోసం పారేయడం నావల్ల కాదు, అది ఎంత చవకదైనా సరే.

మోడరేటర్
జీతాలూ, ఫోను ఫొటోలూ వదిలేసి సీళ్ల గురించి మాట్లాడండి. ఇంకోసారి హెచ్చరిక ఉండదు.

స్క్రూడ్రైవర్
నిజానికి ఇప్పుడే అసలు మాట బయటపడింది. నీటినీడ గారి హౌసింగ్‌కి వారంటీ ఉంది, పని ఉంది, ఆయన ఒరిజినల్‌కే కట్టుబడటంలో తప్పు లేదు. వారంటీ ఎప్పుడో అయిపోయిన, విడిభాగాలే లేని హౌసింగ్‌కి ఆ లెక్క వర్తించదు. ఇద్దరికీ ఒకే జవాబు ఇవ్వాలని చూస్తున్నారు, అందుకే తెగట్లేదు.

రింగు ఎవరిదైనా, కెమెరా లేకుండా దింపి చూడనిదే నమ్మను. లోపల పొడి టిష్యూ, తేలకుండా ఏదైనా బరువు పెట్టి ముందు మోకాలి లోతులో కాసేపు, తర్వాత మొదటి డైవ్ మొత్తం ఖాళీగానే. వాక్యూమ్ పంపు అమర్చుకునే వీలుంటే ఇంకా మంచిది. లోపల గాలి తగ్గించి కాసేపు వదిలేస్తే పీడనం నిలబడుతుందో లేదో ఒడ్డునే తెలిసిపోతుంది. తలుపే కాదు, బటన్లు కూడా అందులోనే తేలిపోతాయి. ఎక్కువమంది తలుపు రింగుకి రోజూ సేవ చేసి బటన్లని ఏళ్ల తరబడి ముట్టుకోరు. కదిలే షాఫ్ట్ మీద రింగు అరుగుతుంది, ఉప్పు దాన్ని కోస్తుంది. అక్కడ సిలికాన్ పనికిరాదు, త్వరగా చిరుగుతుంది. నైట్రైలే వేయాలి.

ఉప్పునీరు
తాడులా అమ్మే రబ్బరు కొని చివరలు సూపర్ గ్లూతో అతికిస్తే? ఏ సైజైనా అవుతుంది.

స్క్రూడ్రైవర్
డ్రమ్ము మూతకైతే సరే. అతుకు దగ్గర గట్టిగా గడ్డకడుతుంది, కెమెరాకి వద్దు.

పాతహౌసింగ్
గాడి కొలిచాను. లోతు 2.2, వెడల్పు 3.9. దారం లెక్క ప్రకారం 3 మిల్లీమీటర్ల సిలికాన్ రింగు సరిపోతుంది. 50 షోర్‌లో ఒకటి, 60లో ఒకటి ఆర్డర్ పెట్టా. రెండూ కలిపినా ఆ పాత స్టాకు రింగు ధర దగ్గరకి కూడా రావట్లేదు. ముందు ఖాళీగా దింపి చెప్తాను.

లోహకారి
2.2 అయితే 27 శాతం నొక్కుడు. బాగానే ఉంది, కానీ గాడి కూడా 82 శాతం దాకా నిండుతుంది, చోటు తక్కువే. 50తోనే మొదలుపెట్టండి.

కొత్తగా_చేరా
నమస్తే. రింగు రంగు కూడా కంపెనీదే ఉండాలా?

తాబేలు_72
అయ్యా, మొదటినుంచి చదువు.

నీటినీడ
స్క్రూడ్రైవర్ గారూ, ఆ బటన్ షాఫ్టుల రింగులు సర్వీసువాళ్లు విడిగా అమ్మరు, హౌసింగ్ మొత్తం పంపమంటారు. నాకు సీజన్ మధ్యలో అంతకాలం కుదరదు. వాటి సైజు ఎలా కనుక్కోవాలి?

లోహకారి
షాఫ్ట్ మందం, దాని మీది గాడి అడుగు మందం, అది దూరే రంధ్రం వ్యాసం. మూడూ కొలిచి ఇక్కడ పెట్టండి. షాఫ్ట్ చివర E అక్షరం ఆకారంలో చిన్న లోహపు క్లిప్ ఉంటుంది, తీసేటప్పుడు ఎగిరిపోతుంది, పైన గుడ్డ కప్పి తీయండి.