హ్యామర్ కోరల్ తెల్లబడుతోంది: లైటా, వేడా, పక్కదాని కాటా?

పటమట_రీఫ్: అందరికీ నమస్కారం. మాది విజయవాడ పటమట, మూడడుగుల ఉప్పునీటి ట్యాంకు. పాత టీ5 ట్యూబులు తీసేసి కొత్త ఎల్ఈడీ పెట్టాక హ్యామర్ కోరల్ (సుత్తి ఆకారపు కొనలుండే పగడం) తెల్లబడడం మొదలుపెట్టింది. రాయికి సగం ఎత్తులో ఉంది. పక్కన నాలుగు వేళ్ల దూరంలో గెలాక్సియా అనే ఇంకో కోరల్. నీళ్లు పొద్దున 27, మధ్యాహ్నం 29 దాటుతున్నాయి. ఆల్కలినిటీ 8.5, కాల్షియం 420, రెండూ మామూలే. ఫోటో పెట్టాను. కిందికి దించనా, లైట్ తగ్గించనా?

గవర్నర్‌పేట_అన్న: లైటే, ఇంకేం ఆలోచించకు. హ్యామర్‌కి 50 నుంచి 150 పార్ (కోరల్‌కి పనికొచ్చే వెలుతురు కొలత) సరిపోతుంది. అక్రోపొరా లాంటి కొమ్మల కోరళ్లకైతే 250 పైన కావాలి. ఎల్ఈడీని ఎంత శాతంలో పెట్టావో అసలు రాయనే లేదు, అంటే 100లో పెట్టుంటావు. ముందు 30కి దించు, వారం వారం కాస్త కాస్త పెంచు. కంటికి వెలుతురు తక్కువగానే ఉందనుకోకు. నీలం కాంతి మన కంటికి అంతగా ఆనదు, కోరల్‌కి మాత్రం బాగా తగులుతుంది. ఎవరి దగ్గరైనా పార్ మీటర్ అడిగి తెచ్చుకుని కొలువు.

కొరిటెపాడు_మాస్టారు: 29 డిగ్రీలు కనపడలేదా అన్నా? ఉండాల్సింది 25, 26. ఇప్పుడే ఇలా ఉంటే మే నెలలో బయట 44 కొట్టినప్పుడు ట్యాంకు ఏమవుతుంది? చిల్లర్ (నీళ్లు చల్లబరిచే యంత్రం) లేకుండా బెజవాడలో రాతి కోరల్ పెట్టడమే తప్పు. లైట్ సంగతి తర్వాత.

గవర్నర్‌పేట_అన్న: చిల్లర్ లేకుండానే నడిపేవాళ్లు ఊళ్లో ఉన్నారు మాస్టారూ. నీటి మీదకి రెండు ఫ్యాన్లు పెడితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది.

కొరిటెపాడు_మాస్టారు: గాలి పొడిగా ఉంటే దిగుతుంది. కృష్ణ ఒడ్డున ఉక్కపోత రోజు నీళ్లు ఆవిరైతేగా చల్లబడేది! పైగా ఆవిరైనంతా ఆర్వో నీళ్లతో నింపుతూ ఉండాలి, లేకపోతే ఉప్పు పెరుగుతుంది. రెండు గంటలు కరెంటు పోతే ఆ ఫ్యాన్లూ ఆగుతాయి.

గవర్నర్‌పేట_అన్న: ఇన్వర్టర్ మీద మీ చిల్లర్ ఎంతసేపు తిరుగుతుందో చెప్పండి. ఫ్యాన్ అయితే రాత్రంతా తిరుగుతుంది.

మంగళగిరి_బ్రో: అతను అడిగింది హ్యామర్ గురించి. మీరు ఎలక్ట్రికల్ షాపు తెరిచారు.

నత్తగుల్ల: ఫోటోలో పైభాగమే కనిపిస్తోంది. తమ్ముడూ, కింది నుంచి చూడు. లైటు దెబ్బ అయితే వెలుతురు పడే పైభాగమే తెల్లబడుతుంది, నీడలో ఉన్న భాగం రంగు నిలుస్తుంది. వేడి అయితే చాలాసార్లు అన్ని వైపులా పాలిపోతుంది. గెలాక్సియా కాటు అయితే అటువైపు మాత్రమే కండ ఊడి ఎముక బయటపడుతుంది. దాని పొడుగు తీగలు ఎక్కువగా రాత్రిపూట బయటికి వస్తాయి, జానెడు దాటి సాగుతాయి, నాలుగు వేళ్లు ఏ మూలకి? అన్ని లైట్లూ ఆర్పాక ఎర్ర కాగితం చుట్టిన టార్చ్ వేసి చూడు. ఇంకో మాట. లైటా వేడా అని ఇద్దరూ పోట్లాడుతున్నారు కానీ, వేడి ఎక్కితే కోరల్ లోపలి నాచు మామూలు వెలుతురుని కూడా తట్టుకోలేదు. 26 డిగ్రీల్లో హాయిగా ఉన్న లైటే 29లో ఎక్కువవుతుంది.

మంగళగిరి_బ్రో: నేను సూర్యలంక నుంచి డ్రమ్ముల్లో సముద్రం నీళ్లు తెస్తాను. ఉప్పు డబ్బు ఆదా. పనికొస్తుందా?

గవర్నర్‌పేట_అన్న: ఒడ్డు నీళ్లు బురద బ్రో. వానాకాలం నదుల నీళ్లు కలిసి ఉప్పు పడిపోతుంది. వద్దు.

కొరిటెపాడు_మాస్టారు: నేను లైట్లు, పార్లు అన్నీ చేశాను. గుంటూరులో ఒకాయన దగ్గర అక్రోపొరా కొన్నాను, ఫారంలో పెంచిన ముక్క అని ప్రమాణం చేశాడు. ఇంటికొచ్చి చూస్తే అడుగున ముక్కని అతికించే దిమ్మ లేదు, సముద్రపు రాయి విరిగిన అంచు ఉంది. ఫారం ముక్కకి మామూలుగా దిమ్మ ఉంటుంది. అది నెల తిరక్కుండా చచ్చింది. మళ్లీ ఫోన్ చేస్తే ఎత్తలేదు.

గవర్నర్‌పేట_అన్న: మీకు ఒకడు మోసం చేశాడని ఊరందరినీ చిల్లర్ కొనమంటే ఎలా? ఏ చర్చ తెరిచినా మీది ఇదే పాట. వచ్చిన ప్రతి కుర్రాడినీ భయపెట్టి పంపిస్తారు.

కొరిటెపాడు_మాస్టారు: భయపెట్టాలనే రాస్తున్నాను! సూటిగా చెబుతా. రాతి కోరళ్లన్నిటినీ, అంటే స్క్లెరాక్టీనియా మొత్తాన్నీ, 2001లో వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చారు. మన దేశపు రీఫ్ (పగడపు దిబ్బ) నుంచి తెచ్చి అమ్మడం, ఉంచుకోవడం నేరం. మన్నార్ సింధుశాఖలో ఇప్పటికే 2016 వేడికి తెల్లబడ్డవి చాలా ఉన్నాయి. మన సరదాకి ఇంకా విరవాలా?

గవర్నర్‌పేట_అన్న: నేను విరిచిందేమీ లేదు. బయటి దేశాల ఫారాల్లో పెంచిన ముక్కలు కాగితాలతో వస్తాయి. వాటి వల్లే సముద్రం మీద ఒత్తిడి తగ్గుతుంది.

కొరిటెపాడు_మాస్టారు: రాతి కోరళ్లన్నీ సైటిస్ (వన్యజీవుల వ్యాపారం మీద దేశాల మధ్య ఒప్పందం) రెండో అనుబంధంలో ఉన్నాయి, అంటే ఎగుమతి అనుమతి ఉండాలి. ఆ కాగితం మీ ముక్కలతో పాటు వచ్చిందా? ఎవరైనా చూశారా?

గవర్నర్‌పేట_అన్న: అమ్మినవాడి దగ్గర ఉంటుంది.

నత్తగుల్ల: అమ్మినవాడి దగ్గర ఉందో లేదో అడగని వాళ్లమే అందరం. మాస్టారు చిల్లర్ పేరు చెప్పి ఇన్నాళ్లూ ఇదే అడుగుతున్నారని ఇప్పుడర్థమైంది. ముందే ఇలా అడిగుంటే ఫ్యాన్ల గొడవ తప్పేది.

పటమట_రీఫ్: నిన్న రాత్రి చూశాను. కింది భాగం ఆకుపచ్చగానే ఉంది, పైన తెల్లగా. గెలాక్సియా వైపు రెండు తలల్లో కండ లేదు, తెల్ల ఎముక కనిపిస్తోంది. పన్నెండు దాటాక సన్నటి తీగలు నిజంగానే హ్యామర్ మీదకి వచ్చాయి. లైటు 35కి దించి, హ్యామర్‌ని ఇసుక దగ్గరకి, రెండో మూలకి జరిపాను. గెలాక్సియాని తీసేద్దామంటే మా ఆవిడ ఒప్పుకోవట్లేదు. ట్యాంకులో బాగున్నది అదొక్కటే అంటోంది.

గవర్నర్‌పేట_అన్న: చెప్పానా, లైటే.

కొరిటెపాడు_మాస్టారు: హ్యామర్ ఎక్కడ కొన్నావు బాబూ? బిల్లు ఉందా?

పటమట_రీఫ్: వాట్సాప్ గ్రూపులో మాస్టారూ. ఫోన్‌పే చేశాను, బస్‌స్టాండ్ దగ్గరికి థర్మాకోల్ డబ్బాలో పంపాడు. బిల్లేమీ ఇవ్వలేదు.

మంగళగిరి_బ్రో: అన్నా, ఆ పోస్టు తీసేయ్ ముందు.