ఫిట్టింగ్ తర్వాత కొత్త గోల్ఫ్ డ్రైవర్‌తో దూరం తగ్గింది, ముందు ఏది మార్చాలి?

అందరికీ నమస్కారం. మాది రాయగడ. వీలు దొరికితే రైలెక్కి విశాఖ వచ్చి ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ కోర్సులో ఆడతాను. కుడిచేతి ఆట, స్వింగ్ వేగం గంటకు 90 మైళ్ల దరిదాపుల్లో ఉంటుంది.

పాత డ్రైవర్ (దూరం కొట్టే పొడవాటి క్లబ్) లాఫ్ట్, అంటే బంతికి తగిలే ఫేస్ వాలు, 10.5 డిగ్రీలు. షాఫ్ట్ (కాడ) రెగ్యులర్, అంటే కాస్త వంగే రకం. బంతి గాల్లోనే 210 గజాలు పోయేది. డబ్బు కూడబెట్టి, హైదరాబాద్‌లో ఫిట్టింగ్ (స్వింగ్ కొలిచి దానికి తగిన క్లబ్ ఎంచడం) చేయించుకుని 9 డిగ్రీల హెడ్, స్టిఫ్ (గట్టి) షాఫ్ట్ తీసుకున్నాను. అక్కడ వల ముందు, బంతి వేగం, ఎత్తు కొలిచే లాంచ్ మానిటర్‌లో అంకెలు బ్రహ్మాండంగా వచ్చాయి. బయట మాత్రం 190 దాటడం లేదు. బంతి తక్కువ ఎత్తులో లేచి, కుడికి తిరిగి, దభీమని పడిపోతోంది. చాలా బాధగా ఉంది.

ఫేస్ మీద పౌడర్ చల్లి చూశాను. బంతి ముద్ర మధ్యలో కాకుండా మడమ వైపు (షాఫ్ట్ దగ్గరి అంచున), కాస్త కిందికి పడుతోంది. అలా కింద తగిలితే బంతి తక్కువగా లేచి స్పిన్ పెరుగుతుంది కదా. పైగా ఈ క్లబ్ 45.5 అంగుళాలు, పాతదానికన్నా అంగుళం పొడవు. నా అనుమానమంతా ఆ పొడవు మీదే.

హెడ్, షాఫ్ట్ కలిసే చోట ఉండే స్లీవ్ తిప్పి లాఫ్ట్ పెంచితే ఫేస్ కూడా కొంచెం మూసుకుంటుంది, అంటే ఎడమకి తిరుగుతుంది. ముందు అది చేయాలా, లేక గ్రిప్ అంగుళం కిందికి పట్టుకుని, టీ (బంతిని నిలబెట్టే పుల్ల) ఎత్తు పెంచి చూడాలా? షాఫ్ట్ కోయించడం మాత్రం భయం, ఒకసారి కోస్తే మళ్లీ అతకదు. స్టిఫ్ నుంచి రెగ్యులర్‌కి వెనక్కి వెళ్లినవాళ్లుంటే దయచేసి మీ అనుభవం చెప్పండి.