స్త్రీవాదం మన సీమ ఆడోళ్లకు మేలు చేసిందా, ఇండ్లు చీల్చిందా?

కేసీ కెనాల్ (కడప):
సూటిగా అడుగుతాండా. మా నాయన పోయినాడు. చేను మా అన్నదమ్ముల పేర్లకు మార్పిద్దామని పోతే అక్కల సంతకాలు తెమ్మన్నారు. పెద్దక్క ‘ఎప్పుడు రావాలో చెప్పురా’ అనింది. చిన్నక్క ‘నా భాగం తేల్చినాక వస్తా’ అంటాంది. బెంగళూరులో ఉద్యోగం చేసే కూతురు నూరిపోసిందని మా అనుమానం. చిన్నక్క పెండ్లికి నాయన ఎకరా అమ్మినాడు. కాన్పులన్నీ మా ఇంట్లోనే. ఇప్పటికీ పిలిచి ఒడిబియ్యం పోస్తాండాం. ఇవేవీ లెక్కలోకి రావా? స్త్రీవాదం అని పట్నాల్లో మాట్లాడేవాళ్లు ఎవరికి ఏం బాగుచేసినారో నాకు తెలీదు గానీ, మా ఇంట్లో మాత్రం తోడబుట్టినోళ్లకు మాటల్లేకుండా చేసినారు. కాదనేవాళ్లు ఉంటే చెప్పండి, వింటా.

కొండారెడ్డి బురుజు (కర్నూలు):
బాగా అడిగినావన్నా. ఆడపిల్లకు చదువు, ఉద్యోగం అంటే ఇప్పుడు కాదనేవాడు లేడు. ఆ తర్వాతే తేడా కొట్టింది. మా స్నేహితుని మీద 498ఎ కేసు (మొగుడు, అత్తింటోళ్లు వేధించినారనే కేసు) పెడితే, మంచం దిగలేని వాళ్లమ్మ పేరు కూడా రాయించినారు. కేసు పెట్టంగానే అరెస్టు చేయొద్దని 2014లో అర్నేశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టే పోలీసులకు చెప్పాల్సి వచ్చింది. ఇంకో మాట. ఆడపిల్లకు ఆస్తిహక్కు ఇచ్చింది స్త్రీవాదులు కాదు, ఎన్టీఆర్. 1986లో. ఎవరో చేసిన పని ఇంకెవరో చెప్పుకోవడం ఎందుకు?

దస్తావేజుల అక్క (ప్రొద్దుటూరు):
ఎన్టీఆర్ చేసిందాన్ని నేనూ కాదనను. తాతల నాటి ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికి పుట్టుకతోనే హక్కు అని దేశంలో మొదట రాసింది మన రాష్ట్రమే. కాకపోతే 1985 సెప్టెంబరు 5కు ముందే పెండ్లయిన వాళ్లను అది బయట పెట్టింది. మా అమ్మ తరం మొత్తం అట్లే పోయింది. ఆ మెలిక లేకుండా దేశమంతటికీ చట్టం వచ్చింది 2005లో. అప్పుడు ఉత్తరాదిలో సాగుభూమిలో ఆడోళ్ల వాటాకు అడ్డంగా ఉండిన హిందూ వారసత్వ చట్టం 4(2) సెక్షన్ తీసేయించడానికి పట్టుబట్టింది ఎవరనుకున్నావు తమ్ముడూ? బీనా అగర్వాల్ అనే ఆర్థికవేత్త, ఆమెతో పాటు మహిళా సంఘాలు. సంతకం పెట్టేది ప్రభుత్వమే, ఆ కాగితం బల్ల మీదికి తెచ్చేది వేరేవాళ్లు.

నా పని దస్తావేజులు రాయడం. హక్కు వదులుకునే కాగితాలు నా చేతి మీదుగా శానా పోయినాయి. రిజిస్ట్రారు ఆఫీసు దగ్గర ఏం జరుగుతాదో చెప్తా. అక్కచెల్లెళ్లను ఆటోలో పిలుచుకొస్తారు. కొత్త చీర కట్టుకొని ఉంటారు, ఆ పొద్దు అన్న పెట్టిందే. ‘నా యిష్టపూర్తిగా, ఎవరి బలవంతమూ లేకుండా, పసుపు కుంకుమ కింద నాకు ముట్టవలసినది ముట్టినందున’ అని నేను గడగడా చదువుతా. లోపలికి పోతే వేలు మిషను మీద పడదు. కలుపు తీసీ తీసీ గీతలు అరిగిపోయి ఉంటాయి. అన్న జేబులోంచి రుమాలు తీసి ఆమె బొటనవేలు తుడుస్తాడు, మళ్లా పెట్టిస్తాడు, మళ్లా తుడుస్తాడు. ఆ తుడిచేది ప్రేమగానే తుడుస్తాడు, అబద్ధం చెప్పకూడదు.

ఏం రాసినానో తెలుసా అమ్మా అని పక్కకు పిలిచి అడుగుతా. తెలుసు అంటారు ఎక్కువమంది. మరి ఎందుకు పెడతాండావు అంటే ఒకటే జవాబు: ‘రేపు ఏదన్నా అయితే పుట్టింటికి ఏ మొగం పెట్టుకొని పోయేది?’

కాబట్టి కేసీ కెనాలన్నా, ఆడోళ్లు భాగాలు ఎత్తుకుపోతాండారని భయపడాల్సిన కాలం ఇంకా రాలేదు. వచ్చింది ఒకటే. మా అమ్మ తరంలో ఆడపిల్లను ఎవరూ పిలిచిందీ లేదు, అడిగిందీ లేదు. ఇప్పుడు ఆమె వచ్చి వేలు పెట్టనిదే పని కాదు. మీకు కోపం వచ్చింది భాగం పోతాదని కాదు, అడగాల్సి వచ్చినందుకు.

కొండారెడ్డి బురుజు:
అక్కా, మీ లెక్క ప్రకారమే పిలిచినా పెట్టేది వేలే గదా. ఇంక చట్టం ఏం చేసినట్టు?

దస్తావేజుల అక్క:
వాళ్ల చిన్నక్క పెట్టలేదు గదా నాయనా.

తుంగభద్ర (కర్నూలు):
ఒక మాట కలుపుతా. మా ముస్లింలలో ఆడపిల్లకు వాటా మొదటి నుంచీ ఉండేదే, కొడుకు వాటాలో సగం. ఏ ఉద్యమమూ తెచ్చిచ్చింది కాదు. అయినా మా బంధువుల్లో ఆ సగం తీసుకున్న ఆడది నాకు తెలిసి లేదు. ‘భాయి దగ్గర తీసుకుంటామా’ అంటారు. రాసిపెట్టి ఉండడం వేరు, తీసుకునే ధైర్యం వేరు. ఆ ధైర్యం ఎక్కడి నుంచి వస్తాదో ఎవరైనా చెప్పండి. నాకైతే మా పిన్ని కూతురు టీచరు ఉద్యోగం చేసుకుంటా అన్నతో నిలబడి మాట్లాడడం చూసినాక, జీతం నుంచి వస్తాదేమో అనిపిస్తాది.

నార్పల చేను (అనంతపురం):
జీతమైనా కూలైనా ఒకటే. ఉపాధి హామీ దేశంలో మొదలైంది మా మండలంలోనే, బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న. ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి మొదలుపెట్టినారు. మేము దాన్ని కరువు పని అనే అంటాం. అంతకు ముందు బుడ్డలు (వేరుశనగ) పెరికేటప్పుడు మగకూలి ఒకటి, ఆడకూలి ఒకటి. సమాన వేతన చట్టం 1976 నుంచే ఉండింది, మా చేన్లలోకి ఎవరూ తీసుకురాలేదు. కరువు పనిలో ఆడామగా తేడా లేకుండా తవ్విన మట్టికి కొలత, కొలతకు దుడ్లు. మా అమ్మ మొదటిసారి నాయనతో సమానంగా తెచ్చుకుంది. ఆ తర్వాత రైతు పిలిచినప్పుడు ‘రేటు ఎంత’ అని ముందే అడగడం మొదలుపెట్టింది. రైతులు బాగా తిట్టుకున్నారులే, ఆడకూలీలకు పొగరొచ్చిందని. ఇంట్లో అంట్లు, నీళ్లు, పశువుల పేడ మాత్రం అమ్మవే, అది మారలేదు. ఇదంతా స్త్రీవాదమా కాదా నాకు తెలీదు, మా ఊరికి ఏ స్త్రీవాదీ రాలేదు. కానీ కేసీ కెనాలన్న అడిగిన ప్రశ్నకు ఇదే నా జవాబు.

ధర్మవరం మగ్గం:
మా దగ్గర అదీ లేదు. కండెలు చుట్టేది ఆడది, మగ్గం మీద కూర్చునేది మొగోడు, కూలి లెక్క ఆయన పేరు మీద. ఆమె చేసింది పనే కాదు, ‘సాయం’. పట్టుచీరకు పేరొచ్చింది, చుట్టిన చేతికి కూలి రాలేదు.

రాయచోటి అబ్బి:
మా అమ్మ కువైట్‌లో ఇంటిపనికి పోయింది, నేను చిన్నపిల్లోణ్ణి. మా వైపు ఇది మామూలే, వీధికి నాలుగిండ్లలో ఎవరో ఒక ఆడమనిషి అక్కడ ఉంటాది. ఇంటిపనికి పోవాలంటే ముప్పై ఏండ్లు నిండాలని రూలు, అందుకని ఏజెంట్లు వయసు పెంచి రాయించేవాళ్లు. మమ్మల్ని అవ్వ పెంచింది. ఆడది బయటికి పోయి సంపాదిస్తే స్వేచ్ఛ అంటారు గదా. ఆమె పాస్‌పోర్టు సేటు దగ్గర, సెలవు సేటు ఇష్టం. దాన్ని స్వేచ్ఛ అని ఎవరన్నా అంటే నాకు ఒళ్లు మండుతాది.

ఆ దుడ్లతోనే ఇల్లు కట్టినాం. మిద్దె ఇల్లు, ముందర గ్రానైటు. ఇల్లు నాయన పేరు మీద ఉండాది. అమ్మ తిరిగొచ్చినాక నేను అడిగినా, నీ పేరు మీద ఎందుకు పెట్టుకోలేదమ్మా అని. ‘నేను ఆడ ఉంటి, సంతకానికి ఎవరొస్తారు’ అనింది. దస్తావేజుల అక్క రాసింది చదివినప్పటి నుంచి ఆ మాటే తిరుగుతాంది.

ఓర్వకల్లు పొదుపు (కర్నూలు):
సంఘంలో లెక్కలు రాసేదాన్ని నేను. 1995 ప్రాంతంలో మా మండలంలో పొదుపు సంఘాలు పెట్టినప్పుడు ‘ఆడోళ్లకు బ్యాంకుతో ఏం పని’ అన్నవాళ్లే, తర్వాత లోను కోసం పెండ్లాన్ని సంఘంలో చేర్పించినారు. లోను ఆమె పేరు, బండి ఆయనది, కంతు మళ్లా ఆమెదే. పైన మైక్రోఫైనాన్సు వాళ్లు వారం వారం ఇంటి ముందర కూర్చునేవాళ్లు. 2010లో ఆర్డినెన్సు వస్తే గాని ఆగలేదు. ఇది చూసి స్త్రీవాదం పేరుతో ఆడోళ్ల నెత్తిన అప్పు పెట్టినారు అనే వాళ్లున్నారు. సగం నిజమే. ఇంకో సగం చెప్తా. మీటింగుకు పోతానంటే ఇంట్లో ఎవరూ అడ్డుపడరు ఇప్పుడు. తాగొచ్చి కొట్టే మొగుని సంగతి వంటింట్లో కాదు, మీటింగులో మాట్లాడుకుంటాం. నెల్లూరు వైపు దూబగుంట ఆడోళ్లు సారా మీద లేచి, 1993 అక్టోబరులో సారా బందు చేయించింది కూడా అట్లా కలిసి కూర్చున్నందుకే. ఆ తర్వాత వచ్చిన మద్య నిషేధం 1997లో ఎత్తేసినారు, తాగేవాళ్లు తాగుతానే ఉన్నారు. కూర్చోవడం మాత్రం మేం మానలేదు.

కొండారెడ్డి బురుజు:
అందరూ కష్టాలు చెప్తాండారు గానీ 498ఎ గురించి ఎవరూ మాట్లాడరు.

దస్తావేజుల అక్క:
మాట్లాడతా. ఆ ముసలామె పేరు రాయించడం తప్పే, అది వకీలు చేయిస్తాడు, బేరానికి. కానీ 498ఎ 1983లో ఎందుకు వచ్చిందో కూడా గుర్తుపెట్టుకో. స్టవ్వు పేలి కోడళ్లే కాలిపోతాండిన రోజులు. స్టవ్వుకు అత్త ఎవరో కోడలు ఎవరో ఎట్ల తెలిసిందో మరి.

కేసీ కెనాల్:
అందరి మాటలూ చదివినా. నా కోపం అట్లే ఉంది, దాచుకునేదేం లేదు. అక్కా, ఒకటి సూటిగా చెప్పండి. తాత నుంచి వచ్చిన చేను కొంత, నాయన సంపాదించి కొన్నది కొంత. వీలునామా లేదు. ఆమెకు ఎంత వస్తాది?

దస్తావేజుల అక్క:
తాతల నాటిది 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు పాలుపంపకం అయిపోయి ఉంటే దాన్ని కదిలించరు. అట్లా కాకుంటే కూతుళ్లకూ కొడుకులతో సమానం. 2005 నాటికి నాయన బతికుండాలనే పట్టింపు కూడా లేదని 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. ఇంక నాయన కొన్నది వీలునామా లేకుండా వదిలిపోతే, అది 1956 హిందూ వారసత్వ చట్టం నుంచే అందరికీ సమానం. ఏ స్త్రీవాది మీదా కోపం తెచ్చుకునే పనిలేదు, మీరు పుట్టకముందే రాసిపెట్టింది. పెద్దక్క వదులుకున్నా, ఎంత వదులుకుంటాందో చెప్పి వదిలించుకోండి.

ఇంతకీ అమ్మ ఉందా? ఆమెకూ భాగం ఉండాది. ఆమెను ఎవరన్నా అడిగినారా?

కేసీ కెనాల్:
అమ్మను అడిగేదేముందక్కా, ఆమె ఎప్పుడో వేలిముద్ర వేసేసింది.