విదేశాల్లో వాలంటీరు సేవ: ఖర్చు ఎవరిది, వీసా ఏది, నర్సుకి దారి ఎటు?

కృష్ణలంక_25 అడిగిన ప్రశ్న

వయసు 25, బీఎస్సీ నర్సింగ్, ఆసుపత్రి అనుభవం రెండేళ్ళకి కాస్త తక్కువ. ఏడాదిపాటు ఆఫ్రికాలో వాలంటీరుగా పనిచెయ్యాలని ఉంది. ఒక ఏజెన్సీ వాళ్ళు ఘానాలో నాలుగు వారాలకి లక్షన్నర అడుగుతున్నారు, విమానం టికెట్ వేరే. టూరిస్టు వీసా మీద వెళ్తే చాలు అంటున్నారు. వాలంటీర్ అంటే ఎదురు మనమే డబ్బు కట్టాలా? ఐక్యరాజ్యసమితి వాలంటీర్లు, పీస్ కోర్ లాంటివాటిలో మనకి చోటుందా? టీకాల సంగతి కూడా తెలిసినవాళ్ళు చెప్పండి.

నాపరాయి

ముందు పీస్ కోర్ సంగతి. అది అమెరికా ప్రభుత్వం నడిపే వాలంటీరు కార్యక్రమం, అమెరికా పౌరులకి మాత్రమే. గ్రీన్ కార్డు ఉన్నా కుదరదు. కాబట్టి మీరు దాన్ని పక్కన పెట్టెయ్యండి.

మీకు సరిపోయేది ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల కార్యక్రమం, పొట్టిగా యూఎన్‌వీ. 1970 డిసెంబరులో జనరల్ అసెంబ్లీ తీర్మానంతో పుట్టింది, 1971 నుంచి నడుస్తోంది. ప్రధాన కార్యాలయం జర్మనీలోని బాన్‌లో. దీనికి దరఖాస్తు రుసుము లేదు, శిక్షణ రుసుమూ లేదు. ఎవరైనా యూఎన్‌వీ పేరు చెప్పి "ప్రాసెసింగ్ ఫీజు" అడిగితే అది మోసమే, రెండో ఆలోచన అక్కర్లేదు.

వాళ్ళ తరగతులు వయసుని బట్టి ఉంటాయి. యూత్ వాలంటీర్‌కి 18 నుంచి 26. ఇందులో అనుభవం లేకపోయినా పరవాలేదు, రెండేళ్ళ దాకా ఉన్నా సరే. స్పెషలిస్ట్‌కి కనీసం 27 ఏళ్ళు, మూడేళ్ళ అనుభవం. ఎక్స్‌పర్ట్‌కి 35 ఏళ్ళు, 15 ఏళ్ళ అనుభవం. మీ చిక్కు ఇక్కడే. యూత్ తలుపు ఏడాది రెండేళ్ళలో మూసుకుంటుంది, స్పెషలిస్ట్ తలుపు ఆ తర్వాత గానీ తెరుచుకోదు. అందుకే దరఖాస్తులు ఇప్పుడే మొదలుపెట్టండి.

జీతం అనరు, జీవన భృతి అంటారు. మూల మొత్తాన్ని ఆ ఊరి ఖర్చుల సూచీతో గుణించి లెక్కకడతారు కాబట్టి నైరోబీలో ఒక అంకె, జూబాలో ఇంకో అంకె. దానికి తోడు రానుపోను ప్రయాణం, చేరగానే స్థిరపడడానికి కొంత మొత్తం, ఆరోగ్య బీమా, జీవిత బీమా, నెలకి రెండున్నర రోజుల సెలవు, ముగించాక నిష్క్రమణ భృతి. పొదుపు చేసి ఇంటికి పంపేంత ఉంటుందని ఆశపడొద్దు, అప్పు చేసి వెళ్ళాల్సిన అవసరం మాత్రం రాదు. ఇంకో మాట: అంతర్జాతీయ వాలంటీరుగా మీ సొంత దేశంలో పనిచెయ్యనివ్వరు. భారతదేశంలో పోస్టు కావాలంటే జాతీయ వాలంటీర్ తరగతి వేరే ఉంది.

ప్రొఫైల్ నింపడంలో మనవాళ్ళు చేసే పొరపాట్లు రెండు. ఒకటి పేరు. సర్టిఫికెట్ల మీద ఇంటిపేరు పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు. ప్రొఫైల్‌లో పాస్‌పోర్టు పేరే రాయండి. ఎంపికయ్యాక వీసా దగ్గర ఆగిపోయేది ఎక్కువగా ఇలాంటి తేడాల వల్లే. రెండోది ఆసక్తి వివరణ. "పేదలకి సేవ చెయ్యాలని చిన్నప్పటి కల" అని రాస్తే చదివేవాడికి ఏమీ అందదు. వార్డులో ఎన్ని పడకలు, రోజుకి ఎంతమందికి టీకాలు వేశారు, ఏ రిజిస్టరు నిర్వహించారు, ఏ రిపోర్టు పంపారు, ఇవి రాయండి. ప్రకటనలో అడిగిన ఒక్కో అర్హతకి ఎదురుగా మీ పని ఒక్కోటి కనబడాలి.

వేపచెట్టు

నాపరాయి గారు చెప్పినదానికి నర్సింగ్ కోణం కలుపుతాను. మన రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఘానాలోనో కెన్యాలోనో చెల్లదు. రోగికి సూది వెయ్యాలంటే ఆ దేశపు కౌన్సిల్ అనుమతి ఉండాలి. దానికి మన కౌన్సిల్ నుంచి గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్ (రిజిస్ట్రేషన్ సక్రమంగా ఉందని చెప్పే పత్రం) అడుగుతారు, చేతికి రావడానికి వారాలు పడుతుంది కాబట్టి ముందే పెట్టండి. నాలుగు వారాల ప్యాకేజీల్లో ఈ అనుమతి ఊసే ఉండదు. మరి అక్కడ చేసేదేమిటి? ఊరికే నిలబడి చూడడం, లేదా అనుమతి లేకుండా వైద్యం చెయ్యడం. మొదటిదానికి లక్షన్నర దండగ, రెండోది నేరం. యూత్ వాలంటీర్ పోస్టుల్లో కూడా మంచం పక్కన చేసే పని తక్కువే. టీకాల కార్యక్రమం, గర్భిణుల ఆరోగ్యం, డేటా సేకరణ లాంటి ప్రజారోగ్య పనులే ఎక్కువ.

టూరిస్టు వీసా మాట నమ్మకండి. జీతం లేకపోయినా పని పనే అని చాలా దేశాల చట్టం. బ్రిటన్ ఉదాహరణ చూడండి: విజిటర్ వీసా మీద వెళ్ళినవాళ్ళు నమోదైన ఛారిటీలో మొత్తం 30 రోజులకి మించి వాలంటీరుగా ఉండకూడదు, అదీ రాకకి అసలు కారణం కాకూడదు. అంతకు మించితే ఛారిటీ వర్కర్ వీసా కావాలి. దానికి స్పాన్సర్ పత్రం ఉండాలి, గరిష్ఠంగా 12 నెలలు. అక్కడ చదువుకుంటున్న మన పిల్లలకి ఇంకో మెలిక. ఒప్పందం, నిర్ణీత వేళలు ఉన్న వాలంటరీ పని వారానికి 20 గంటల పరిమితిలోకి లెక్కకొస్తుంది.

ఏజెన్సీని రాతపూర్వకంగా నాలుగు అడగండి: ఏ వీసా తరగతి, స్థానిక సంస్థ నమోదు సంఖ్య, మీ డబ్బులో ఆ సంస్థకి చేరేదెంత, వైద్య అత్యవసరమైతే తరలింపు బీమా ఎవరిది. నాలుగింటికీ జవాబు రాకపోతే వదిలెయ్యండి. అనాథాశ్రమం పోస్టు చూపిస్తే అసలే వద్దు. నేపాల్, కంబోడియాల్లో ఇలాంటి చోట్ల పిల్లల్లో అధిక భాగానికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. విదేశీ వాలంటీర్ల డబ్బు కోసమే పిల్లల్ని ఇళ్ళ నుంచి తెచ్చి నింపుతున్నారని బయటపడింది.

రెండేళ్ళ అనుభవం పూర్తయ్యాక డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ అనే అంతర్జాతీయ వైద్య సహాయ సంస్థని కూడా చూడండి, వాళ్ళకి మన దేశంలో కార్యాలయం ఉంది. అది వాలంటీర్ పని కాదు, ఒప్పందం మీద జీతం ఇస్తారు. చాద్, కాంగో లాంటి చోట్ల ఫ్రెంచ్ వస్తే మీ దరఖాస్తు పైకి వస్తుంది. ఈ ఏడాది ఖాళీ సాయంత్రాలు దానికి పెట్టండి.

ఉప్పుటేరు

టీకాల గురించి. ఘానాలో అడుగు పెట్టాలంటే ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ తప్పనిసరి. తిరిగి వచ్చేటప్పుడు మన దేశమూ అడుగుతుంది, లేకపోతే 6 రోజుల దాకా క్వారంటైన్. టీకా వేసిన 10వ రోజు నుంచే సర్టిఫికెట్ చెల్లుతుంది. ప్రయాణానికి వారం ముందు పరుగెత్తేవాళ్ళు దొరికిపోయేది ఇక్కడే. ఒకసారి వేస్తే జీవితాంతం సరిపోతుంది, పాత పదేళ్ళ గడువు 2016 జులైతో పోయింది.

హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. ఒక సీసాలో చాలా డోసులుంటాయి, తెరిచాక కొద్ది గంటల్లో వాడెయ్యాలి. అందుకని ముందుగా తేదీ తీసుకుని వెళ్ళాలి. టీకా సర్టిఫికెట్‌గా ఇచ్చే పసుపు పుస్తకంలో పాస్‌పోర్టు నంబరు రాస్తారు కాబట్టి అసలు పాస్‌పోర్టు తీసుకెళ్ళండి. తర్వాత పాస్‌పోర్టు మారితే పాతది కూడా వెంట ఉంచుకోండి. గుడ్డు అలర్జీ ఉంటే, గర్భిణి అయితే, 60 దాటితే ముందే డాక్టరుకి చెప్పాలి. ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా) లాంటి ఇతర సజీవ టీకాలు అదే రోజు వేయించుకోవాలి, లేదా 4 వారాల ఎడం ఇవ్వాలి.

మలేరియా రాకుండా వేసుకునే మాత్రల్లో జనం చేసే తప్పు ఇంటికి రాగానే ఆపెయ్యడం. డాక్సీసైక్లిన్ అయితే వెళ్ళడానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, వచ్చాక 4 వారాలు వాడాలి. నిండు గ్లాసు నీళ్ళతో మింగాలి, వెంటనే పడుకోకూడదు, గొంతు కాలుతుంది. ఎండకి చర్మం కూడా తొందరగా కందిపోతుంది. తిరిగొచ్చాక ఎన్ని నెలలకి జ్వరం వచ్చినా డాక్టరుతో మొదటి మాట "ఆఫ్రికా వెళ్ళొచ్చాను" అనే చెప్పాలి.

పాతకాగితం

పీస్ కోర్‌ని నాపరాయి గారు ఒక్క మాటలో తేల్చేశారు గానీ, అమెరికాలో పుట్టిన మన తెలుగు పిల్లలకి అది దారే. 18 నిండితే చాలు, పై వయసు పరిమితి లేదు. శిక్షణతో కలిపి 27 నెలలు. విచిత్రమైన నిబంధన ఒకటుంది: అమెరికా గూఢచార సంస్థ సీఐఏలో ఎప్పుడైనా పనిచేసినవాళ్ళని జన్మలో తీసుకోరు. వాలంటీర్ల ముసుగులో గూఢచారులు వస్తున్నారనే అనుమానం అడుగు పెట్టిన చాలా దేశాల్లో ఉండేది, మన దేశంలోనూ ఉండేది. ఇక్కడ 1961 నుంచి 1976 దాకా పనిచేశారు.

అడిగినవారు నర్సు కాబట్టి ఇదీ చెప్పాలి. జిమ్మీ కార్టర్ తల్లి లిలియన్ కార్టర్ కూడా నర్సే. 68 ఏళ్ళ వయసులో 1966లో పీస్ కోర్ తరఫున బొంబాయి విక్రోలీకి వచ్చి, అక్కడి క్లినిక్‌లో పనిచేశారు. అప్పటికి కొడుకు ప్రెసిడెంటు కాలేదు లెండి.

అంతకుముందు సంగతి ఇంకా ఉంది. 1934 బీహార్ భూకంపం తర్వాత స్విస్ దేశస్థుడు పియెర్ సెరెసోల్ కొద్దిమంది సహచరులతో వచ్చి, వరద ముంపు ఊళ్ళని ఎత్తైన చోటికి మార్చి ఇళ్ళు కట్టించాడు. ఆయన 1920లో ఫ్రాన్స్‌లోని వెర్డన్ దగ్గర మొదటి ప్రపంచ యుద్ధంలో నేలమట్టమైన ఊరిలో మొదలుపెట్టిన శిబిరాల నుంచే సర్వీస్ సివిల్ ఇంటర్నేషనల్ అనే అంతర్జాతీయ వాలంటీర్ల సంస్థ పుట్టింది. అలా ఫిరంగులు పేలిన చోట మొదలైన జట్టు మన బీహార్‌లోని గండక్ నది పరిసరాలకి రావడం చదివినప్పుడల్లా నాకు ఆశ్చర్యమే.

కృష్ణలంక_25

అందరికీ ధన్యవాదాలండీ. ఏజెన్సీకి నాలుగు ప్రశ్నలూ మెయిల్ పెట్టాను. ఒక్క సందేహం: యూఎన్‌వీలో ఇంటి నుంచి చేసే ఆన్‌లైన్ వాలంటీర్ పని ఉంటుందట కదా, అది అనుభవంగా లెక్కకొస్తుందా?

నాపరాయి

ఉంటుంది. వారానికి 20 గంటల దాకా, 12 వారాలకి మించకుండా. డబ్బు ఇవ్వరు. అనువాదం, డిజైన్, సమాచార సేకరణ లాంటి పనులు. తెలుగు కంటే ఇంగ్లీషు, ఫ్రెంచ్ పనులే ఎక్కువ. ఉద్యోగానుభవానికి సమానం కాదు గానీ ప్రొఫైల్‌లో రాసుకోవచ్చు. ఒకటి గుర్తుంచుకోండి: పని అయ్యాక ఆ సంస్థ వేదికలో పూర్తయిందని ముగిస్తేనే సర్టిఫికెట్ వస్తుంది. చాలామంది మర్చిపోతారు. చివరి వారంలోనే గుర్తు చెయ్యండి, ఆ తర్వాత వాళ్ళు మెయిళ్ళకి పలకరు.