ఫిలిపినో స్త్రీల యాత్రారచనలను ఏ దృష్టితో చదవాలి?

నమస్కారం. ఫిలిపినో స్త్రీల ఆంగ్ల యాత్రారచనలపై పరిశోధనా వ్యాసం రాస్తూ ఒకచోట ఆగిపోయాను. మూడు శతాబ్దాలకు పైగా స్పెయిన్, ఆపై అమెరికా ఏలిన ఫిలిప్పీన్స్ గురించి ఎక్కువగా బయటివారే రాశారు. 1904లో సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శనలో అక్కడి కొండప్రాంతాల ఆదివాసులైన ఇగొరోట్ ప్రజలను సందర్శకుల ముందు ప్రదర్శనగా నిలబెట్టారు కూడా. అటువంటి దేశపు స్త్రీ తానే ఇతరులను చూసి రాసేటప్పుడు, పాలకుల చూపును విడిచిపెడుతుందా, వారి భాషతోపాటు దాన్నీ మోసుకెళ్తుందా?

ఫిలిపినో రచయిత్రి క్రిస్టినా పంతోహా హిడాల్గో, తన భర్త యూనిసెఫ్ ఉద్యోగరీత్యా థాయ్‌లాండ్, కొరియాలలో నివసించి రాశారు. మరోవైపు హాంకాంగ్ ఇళ్లలో పనిచేసే ఫిలిపినో స్త్రీలు ఆదివారాలు నడకదారుల్లో అట్టముక్కలు పరుచుకుని కూర్చుని ఇంటికి ఉత్తరాలు రాసుకునేవారు. ఆ ఉత్తరాలను వదిలేస్తే స్త్రీవాద పఠనం సగమే అవుతుందని నా నమ్మకం. ఈ రెంటినీ కలిపి చదివే పద్ధతి తెలిసినవారు దయచేసి చెప్పగలరా?